నీటి దారి చూసి ఇల్లు



కట్టే చోట నేల, నీరు, గాలి ఎలా ఉన్నాయో చూసి కట్టడమే ఈ నెల పాఠం.

కోనసీమ మండువా లోగిలిని పిల్లలకు చూపించండి. ఎత్తయిన అరుగులు వాన నీటిని గడప దాటనివ్వవు. నడుమ మండువా వెలుతురు, గాలి ఇస్తుంది. 1996 నవంబరు 6 తుపాను కోనసీమను అతలాకుతలం చేసింది. తీర గ్రామాల తుపాను షెల్టర్లు స్తంభాల మీద నిలబడేది ఇందుకే: ఉప్పెన కింద నుంచి పోతుంది, జనం పైన క్షేమంగా ఉంటారు.

ఇంట్లో చేయించండి:

1. వాన పడినప్పుడు మన వీధి నీరు ఎటు పారుతోందో బొమ్మ గీయాలి.
2. రోడ్డు కన్నా మన గడప ఎన్ని అంగుళాల ఎత్తులో ఉందో కొలవాలి.
3. చెరువో, బోదో పూడ్చి కడితే ఆ నీరు ఎవరింట్లోకి వెళ్తుంది?

ఇల్లు కట్టబోతుంటే, ప్లాను గీయించే ముందే మూడో ప్రశ్నకు మీరూ జవాబు చెప్పండి.