బయటి ఎలక్ట్రాన్‌కు అందే ఆకర్షణ ఎంత?

ఆవర్తన పట్టికలో ఎడమ నుంచి కుడికి పోతే పరమాణువు చిన్నదవుతుంది, పై నుంచి కిందికి వస్తే పెద్దదవుతుంది. స్టడీ అవర్‌లో ఈ వాక్యాన్ని బట్టీ పట్టనివాళ్లం మనలో లేము. కానీ అల్యూమినియం వ్యాసార్థం 143 పికోమీటర్లు, దాని కిందనున్న గాలియంది 135. ఎందుకని అడిగితే బట్టీ ఆదుకోదు. మా ఇళ్లలో డిగ్రీ చదివింది మేమే మొదలు. సందేహం వస్తే ఇంట్లో చెప్పేవాళ్లు లేరు, కోచింగ్‌కు డబ్బు లేదు. అలాంటి మనకు కారణం తెలిసి చదవడమే అండ.

కేంద్రకంలోని ధనావేశం బయటి ఎలక్ట్రాన్‌ను లాగుతుంది. లోపలి ఎలక్ట్రాన్లు దాన్ని వికర్షిస్తాయి. అందువల్ల ఆ ఆకర్షణ దానికి పూర్తిగా అందదు. దీన్నే స్క్రీనింగ్ ప్రభావం అంటాం. చివరకు అందేది ప్రభావక కేంద్రకావేశం.

ప్రభావక కేంద్రకావేశం = పరమాణు సంఖ్య – స్క్రీనింగ్ స్థిరాంకం

ప్రార్థనలో వెనక నిలబడినవాడికి ముందు వరుసల తలలు అడ్డం వస్తాయి, పక్కవాడు అంతగా అడ్డం రాడు. ఇక్కడా అంతే. 1930లో స్లేటర్ ఇచ్చిన నియమాల ప్రకారం, బయటి ఎస్ లేదా పి ఎలక్ట్రాన్‌కు అదే కర్పరంలోని ఒక్కో ఎలక్ట్రాన్ 0.35, దాని వెంటనే లోపలున్న కర్పరంలోనిది 0.85, ఇంకా లోపలివి 1.00 చొప్పున అడ్డుపడతాయి.

సోడియం: 11 – (8×0.85 + 2×1.00) = 2.20
క్లోరిన్: 17 – (6×0.35 + 8×0.85 + 2×1.00) = 6.10

రెండింటికీ బయటిది మూడో కర్పరమే. క్లోరిన్‌లో మాత్రం ఆకర్షణ దాదాపు మూడు రెట్లు. అందుకే అది చిన్నది, ఎలక్ట్రాన్‌ను తీసుకుంటుంది. సోడియం పెద్దది, తేలికగా వదులుకుంటుంది.

ఇప్పుడు గాలియం సంగతి చూద్దాం.

అల్యూమినియం: 13 – (2×0.35 + 8×0.85 + 2×1.00) = 3.50
గాలియం: 31 – (2×0.35 + 18×0.85 + 10×1.00) = 5.00

పరమాణు సంఖ్య 18 పెరిగింది, స్క్రీనింగ్ 16.5 మాత్రమే పెరిగింది. మధ్యలో చేరిన పది 3డి ఎలక్ట్రాన్లు పది ప్రోటాన్లకు సరిపడా అడ్డుపడలేదు. కొత్త కర్పరం వచ్చినా గాలియం పెద్దది కాకపోవడానికి కారణం ఇదే. సోడియం నుంచి పొటాషియానికి వస్తే రెండూ 8 చొప్పునే పెరుగుతాయి, ఆవేశం 2.20గానే ఉంటుంది. కనుక అక్కడ కర్పరం పెరిగినకొద్దీ పరిమాణం పెరుగుతుంది.

తమ్ముళ్లూ, మెగ్నీషియానికి మీరే లెక్క వేయండి. 2.85 వస్తే పాఠం వచ్చినట్లే. రాకపోతే సెలవుల్లో మేము హాస్టల్‌కు వచ్చినప్పుడు నోట్‌బుక్ తెచ్చి అడగండి.