పాత అమెరికా కార్లకు పెట్రోలు పంపు నెన్నుకొను విధము



చెఱకునుండియు మొక్కజొన్ననుండియు తీసిన ఇథనాలు నేడు పెట్రోలులో కలియుచున్నది. అమెరికాలో సాధారణముగా నూటికి 10 పాళ్లు కలుపుదురు. మన దేశమున 2025 నాటికది నూటికి 20 పాళ్లకు చేరెను. మన పంట పాత యంత్రములలోనికిని పోవుచున్నది గనుక, వాని పంపునుగూర్చి కొంత తెలిసికొనుట మేలు. అమెరికావారు మజిల్ కార్లని పిలుచు 1964 నాటి పాంటియాక్ జీటీఓ వంటి కార్లను ఇచట ఉదాహరణముగా గైకొందుము.

ఈ పంపునకు విద్యుత్తు అక్కఱలేదు. ఇంజనులోని క్యాంషాఫ్టు తిరుగుచు పంపు లివరును కదల్చును. లివరు రబ్బరు పొరను లాగగా ట్యాంకునుండి పెట్రోలు వచ్చును. స్ప్రింగు ఆ పొరను నెట్టగా కార్బురేటరునకు పోవును. కావున ఒత్తిడిని నిర్ణయించునది స్ప్రింగే.

ఎన్నికలో నాలుగు సంగతులు చూడవలయును.

మొదటిది ఒత్తిడి. ఈ కార్ల కార్బురేటర్లకు సాధారణముగా చదరపు అంగుళమునకు 5 మొదలు 7 పౌనులలోపు చాలును. తూము తలుపు పట్టలేనంత నీరు వచ్చిన చేను మునుగునట్లు, ఒత్తిడి మించిన కార్బురేటరులోని సూది ఆపజాలక పెట్రోలు పొర్లును. వేడి ఇంజనుపై బడిన అగ్నిప్రమాదమగును.

రెండవది పరిమాణము. పూర్తి బలముతో నడచునపుడు ఒక్కొక అశ్వశక్తికి గంటకు సుమారు అర పౌను పెట్రోలు కావలయును. జీటీఓ యొక్క 325 అశ్వశక్తి ఇంజనుకు గంటకు సుమారు 100 లీటర్లన్నమాట. అడ్డులేక పాఱునపుడు కొలిచిన అంకెను నమ్మరాదు. పనిచేయు ఒత్తిడివద్ద ఎంత యిచ్చునో అడుగవలయును.

మూడవది అమరిక. షెవ్రోలె చిన్న వి-8 ఇంజనులో క్యాంషాఫ్టునకును లివరునకును నడుమ నొక కడ్డీ యుండును. ఫోర్డు వి-8 ఇంజనులలో లివరు నేరుగా తగులును. ఒకదాని పంపు మఱియొకదానికి పనికిరాదు.

నాల్గవది పొర. పాత రబ్బరు ఇథనాలుకు చెడును. పొర చినిగిన పెట్రోలు ఇంజను నూనెలో దిగి దానిని పలుచన చేయును, బేరింగులు అరిగిపోవును. నూనె కొలిచెడు పుల్లకు పెట్రోలు వాసన వచ్చినయెడల బండిని వెంటనే నిలుపవలయును. కావున ఇథనాలుకు తట్టుకొనునని తయారీదారు వ్రాసియిచ్చిన పొరగల పంపునే కొనవలయును.

ఇంజను పేరు, సంవత్సరము, కార్బురేటరునకు తగిన ఒత్తిడి కాగితముపై వ్రాసికొని దుకాణమునకు పొండు. బిగించిన పిదప ఒత్తిడిమాపకముతో పరీక్షించి, గొట్టపు అతుకులు తడియారియున్నవని చూచిన తరువాతనే బండిని బాటకెక్కింపుడు. బలమైన పంపని చెప్పి అమ్మువాని మాటకంటె ఆ కాగితమే మీకు మేలు చేయునని మా సలహా.