మరణ కారణాన్ని సరిచూసే డాక్టర్: ఇంగ్లండ్‌లో మెడికల్ ఎగ్జామినర్ కెరీర్

ఇంగ్లండ్, వేల్స్‌లలో 2024 సెప్టెంబర్ 9 నుంచి కొత్త చట్టబద్ధ విధానం అమల్లోకి వచ్చింది. ఆస్పత్రిలోనైనా, ఇంట్లోనైనా ఎవరు మరణించినా, కేసు కరోనర్ (అసహజ మరణాలను విచారించే న్యాయాధికారి) విచారణకు వెళ్లకపోతే, ఆ మరణానికి రాసిన కారణాన్ని చికిత్సతో సంబంధం లేని మరో సీనియర్ డాక్టర్ పరిశీలించాల్సిందే. ఆ డాక్టరే మెడికల్ ఎగ్జామినర్. బ్రిటన్ వెళ్లాలనుకునే తెలుగు వైద్య విద్యార్థులు, ఇప్పటికే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్‌లో పనిచేస్తున్న డాక్టర్లు ఈ బాధ్యత గురించి తెలుసుకోవాలి. ఇది మొదటి ఉద్యోగంగా దొరికేది కాదు. అయితే దీనికి కావాల్సిన నైపుణ్యానికి హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడే పునాది వేసుకోవచ్చు.

ఈ వ్యవస్థ ఎందుకు వచ్చింది?

మాంచెస్టర్ సమీపంలోని హైడ్ పట్టణంలో హెరాల్డ్ షిప్‌మన్ అనే ఫ్యామిలీ డాక్టర్ తన దగ్గరికి వచ్చే రోగులను డయామార్ఫిన్ ఇంజెక్షన్లతో చంపాడు. 2000 జనవరిలో 15 హత్యల్లో దోషిగా తేలాడు. ఆ తర్వాత జస్టిస్ జానెట్ స్మిత్ నేతృత్వంలో సాగిన విచారణ, అతడి చేతిలో మరణించినవారు 215 మంది అని నిర్ధారించింది. చంపినవాడే సహజ మరణమని సర్టిఫికెట్ రాసి సంతకం చేశాడు. దహనానికి రెండో డాక్టర్ సంతకం ఉండాలన్న నియమం అప్పటికే ఉన్నా, అది అతణ్ని ఆపలేకపోయింది. ఈ ధ్రువీకరణ పద్ధతిని మార్చాలని 2003లో ఆ విచారణ గట్టిగా చెప్పింది.

2009 నాటి కరోనర్లు, న్యాయవ్యవస్థ చట్టం మెడికల్ ఎగ్జామినర్లకు చోటు కల్పించింది. మిడ్ స్టాఫర్డ్‌షైర్, మోర్‌కామ్ బే ఆస్పత్రుల్లో చికిత్సా లోపాలపై జరిగిన విచారణలు ఈ అవసరాన్ని మరింత స్పష్టం చేశాయి. ఈ వ్యవస్థ 2019లో పెద్ద ఆస్పత్రుల్లో మొదలై, 2024లో కరోనర్‌కు వెళ్లని అన్ని మరణాలకూ విస్తరించింది.

పని ఏమిటి?

ప్రతి కేసులో మూడు ప్రశ్నలు ఉంటాయి. మరణానికి అసలు కారణం ఏమిటి? కరోనర్‌కు తెలియజేయాలా? చికిత్సలో లోపమేదైనా జరిగిందా? జవాబుల కోసం కేస్ షీట్ చదవాలి, చికిత్స చేసిన డాక్టర్‌తో చర్చించాలి, కుటుంబ సభ్యులతో మాట్లాడాలి.

ఉదాహరణకు, 82 ఏళ్ల వృద్ధురాలు న్యుమోనియాతో మరణించారనుకుందాం. వార్డు డాక్టర్ ఆ ఒక్క మాటే రాశారు. మెడికల్ ఎగ్జామినర్ పాత నోట్స్ చూస్తే, మూడు వారాల కిందట ఆమె జారిపడి తుంటి ఎముక విరిగినట్లు, అప్పటి నుంచి మంచం దిగలేకపోయినట్లు తెలుస్తుంది. న్యుమోనియాకు దారితీసింది ఆ ప్రమాదమే అయితే ఇది పూర్తిగా సహజ మరణం కాదు, కరోనర్‌కు తెలపాలి. మన దగ్గర పోలీసులు శవపంచనామా చేసే తరహా మరణాల్లో చాలావాటిని అక్కడ కరోనర్ విచారిస్తారు.

అన్నింటికన్నా విలువైనది కుటుంబంతో మాట్లాడటం. ‘కారణం మీకు అర్థమైందా? వైద్యం గురించి అడగాల్సిందేమైనా ఉందా?’ అని చికిత్సతో సంబంధం లేని డాక్టర్ అడిగితే, అప్పటిదాకా ఎవరికీ చెప్పుకోలేని అనుమానాలు బయటికి వస్తాయి. వాటిలో నిజముంటే ఆస్పత్రి తన తప్పును సరిదిద్దుకుంటుంది, తర్వాతి రోగికి ఆ ముప్పు తప్పుతుంది. అదే సమయంలో, త్వరగా ఖననం చేయాల్సిన ముస్లిం, యూదు కుటుంబాలకు ఆలస్యం కాకుండా చూడటం కూడా ఈ కార్యాలయాల బాధ్యతే.

పోస్ట్‌మార్టం ఈ పనిలో భాగం కాదు. అమెరికాలో ఇదే పేరుతో పనిచేసేవారు మాత్రం సాధారణంగా పోస్ట్‌మార్టం చేసే ఫోరెన్సిక్ నిపుణులు. దరఖాస్తు చేసేటప్పుడు ఈ తేడా గమనించండి.

అర్హతలు, శిక్షణ

కనీసం ఐదేళ్లుగా బ్రిటన్ జనరల్ మెడికల్ కౌన్సిల్ (జీఎంసీ)లో నమోదై, ప్రాక్టీస్ చేస్తున్న లేదా గత ఐదేళ్లలో చేసిన డాక్టరై ఉండాలి. ఆచరణలో కన్సల్టెంట్లు, ఫ్యామిలీ డాక్టర్లు, అంతటి అనుభవమున్న సీనియర్లను తీసుకుంటారు. ఏ స్పెషాలిటీ వారైనా రావచ్చు. రాయల్ కాలేజ్ ఆఫ్ పాథాలజిస్ట్స్ దీనికి ప్రధాన వృత్తి సంస్థ. 26 తప్పనిసరి ఆన్‌లైన్ పాఠాలు, ఆపై శిక్షణ కార్యక్రమం పూర్తి చేయాలి. చాలామంది తమ వైద్యవృత్తి కొనసాగిస్తూనే వారానికి కొన్ని సెషన్లు ఇందులో పనిచేస్తారు. సెషన్ అంటే సుమారు నాలుగు గంటలు. తాము చికిత్స చేసిన రోగి మరణాన్ని మాత్రం వారు పరిశీలించకూడదు.

తెలుగు రాష్ట్రాల నుంచి మార్గం

ఎంబీబీఎస్, ఇంటర్న్‌షిప్ తర్వాత ఇంగ్లిష్ అర్హతగా ఐఈఎల్‌టీఎస్ లేదా ఓఈటీ, ఆపై ప్లాబ్ పరీక్ష రెండు భాగాలు రాసి జీఎంసీ రిజిస్ట్రేషన్ పొందడం అందరికీ తెలిసిన దారి. ప్లాబ్ రెండో భాగం మాంచెస్టర్‌లో మాత్రమే ఉంటుంది. ఆ తర్వాత ఉద్యోగం, స్పెషాలిటీ లేదా ఫ్యామిలీ మెడిసిన్ శిక్షణ. ఇప్పుడు శిక్షణ సీట్లకు పోటీ తీవ్రంగా ఉంది కాబట్టి, అప్పు చేసి బయల్దేరే ముందు తాజా నిబంధనలు జీఎంసీ, ఎన్‌హెచ్‌ఎస్ వెబ్‌సైట్లలో చూసుకోండి. ఎంబీబీఎస్ తర్వాత పదేళ్ల ప్రణాళికగా దీన్ని భావించడం మంచిది.

డాక్టర్లు కానివారికీ అవకాశముంది. మెడికల్ ఎగ్జామినర్ ఆఫీసర్లు కేసు వివరాలు సిద్ధం చేసి, కుటుంబాలతో మాట్లాడతారు. నర్సింగ్ వంటి నేపథ్యాల వారు ఈ పోస్టుల్లోకి వస్తారు. బ్రిటన్‌లో ఉన్న తెలుగు నర్సులు ఈ నోటిఫికేషన్లు గమనించాలి.

ఇప్పుడే ఏం చేయాలి?

మన ఆస్పత్రుల్లోనూ జనన మరణాల నమోదు చట్టం, 1969 ప్రకారం డాక్టర్లు ఫారం 4లో మరణ కారణం రాస్తారు. అందులో ‘కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్’ అని మాత్రమే రాసి వదిలేయకండి. గుండె, ఊపిరి ఆగడం ప్రతి మరణంలోనూ ఉంటుంది, అది కారణం కాదు. దానికి దారితీసిన జబ్బు, ఆ జబ్బుకు మూలం ఏమిటో వరుసగా రాయడం సాధన చేయండి. రాసింది మీ యూనిట్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు చూపించి దిద్దించుకోండి. సీనియర్లు బంధువులతో మాట్లాడేటప్పుడు పక్కన నిలబడి వినండి. పోస్ట్‌గ్రాడ్యుయేషన్‌లో డెత్ ఆడిట్ సమావేశాలు మానకండి.

మరణ కారణం నిజాయతీగా నమోదైతేనే ఏ జబ్బుపై డబ్బు ఖర్చు పెట్టాలో ప్రభుత్వానికి తెలుస్తుంది, ఎక్కడ తప్పు జరిగిందో ఆస్పత్రికి తెలుస్తుంది. మీరు లండన్‌లో పనిచేసినా, కర్నూలులో పనిచేసినా ఈ నైపుణ్యం వృథా పోదు. రేపు మీ వార్డులో రాయాల్సిన ఫారంతోనే మొదలుపెట్టండి.