నిరామయ బీమా: ఆక్యుపేషనల్ థెరపీ ఖర్చు తిరిగి పొందడం ఎలా?

రాయదుర్గం ప్రాంత దివ్యాంగుల కుటుంబాలకు

చొక్కా గుండీ పెట్టుకోవడం, ముద్ద కలుపుకుని తినడం, పలక మీద రాయడం... ఇలాంటి రోజువారీ పనులు బిడ్డ సొంతంగా చేసుకునేలా నేర్పేదే ఆక్యుపేషనల్ థెరపీ. ఒకట్రెండు సార్లతో అయిపోయేది కాదు. డబ్బుల్లేక మధ్యలో ఆపేస్తే నేర్చుకున్నది కూడా వెనక్కి పోవచ్చు. ఈ ఖర్చుకు ఆసరాగా కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ 'నిరామయ' ఆరోగ్య బీమా అందిస్తోంది.

ఎవరికి? ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి. వయసుతో పనిలేదు. ముందస్తు వైద్య పరీక్షలు అక్కర్లేదు.

ఎంత? ఏడాదికి మొత్తం రూ.1 లక్ష వరకు. అందులో థెరపీకి విడిగా పరిమితి ఉంటుంది.

ఎలా చేరాలి? వైకల్య ధ్రువపత్రం లేదా యూడీఐడీ కార్డు, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం సిద్ధం చేసుకోండి. నేషనల్ ట్రస్ట్‌లో నమోదైన సంస్థ ద్వారా దరఖాస్తు చేయండి.

మరవొద్దు:
1. ముందు ఫీజు మీరే కట్టాలి. బిల్లులు పంపాక డబ్బు ఖాతాలో పడుతుంది. కాబట్టి ప్రతి బిల్లు, డాక్టరు చీటీ జాగ్రత్తగా దాచండి.
2. ఏటా మార్చి 31తో గడువు తీరుతుంది. ఆలోపే రెన్యువల్ చేయించండి.
3. 'పెన్షన్ వస్తోంది కదా, ఇది రాదేమో' అనుకోవద్దు. అది వేరు, ఇది వేరు.