వలలు దించిన గ్రామము

పఠనభాగము: ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 6, 7 వచనములు.



పక్షిగూటిని గూర్చిన ఈ చిన్న ధర్మమును మనము చాలసార్లు చదివి దాటిపోయి యుందుము. గూటిలోని పిల్లలను తీసికొనువాడు తల్లిపక్షిని వదలిపెట్టవలెనని దాని సారాంశము. ఈ ఆజ్ఞ ఎవరికి ఇయ్యబడినదో గమనింతము. రాజునకు కాదు, అధికారికి కాదు. దారిన పోవు సామాన్యునికే ఇయ్యబడినది. ఏలయనగా గూడు కనబడునది వానికే. వాని చెయ్యి ఆగినగాని తల్లి బ్రదుకదు.

ఈ మాట నిజమని చూపు సంగతి యొకటి మన దేశములోనే, ఒక క్రైస్తవ గ్రామములో జరిగినది. దానిని ఈ నెల పాఠముగా తీసికొందము.

నాగాలాండు రాష్ట్రమున వోఖా జిల్లాలో పాంగ్టి అను కొండ గ్రామమున్నది. అక్కడివారు లోథా నాగాలు. మన నెల్లూరు, ఒంగోలు ప్రాంతములలో పనిచేసిన అమెరికన్ బాప్తిస్టు మిషనువారే 1872లో నాగా కొండలలోను సువార్త పని ప్రారంభించిరి. గనుక వారు మనకు పరాయివారు కారు.

పాంగ్టి దిగువను దోయాంగు నది పారును. దానికి ఆనకట్ట కట్టి 2000 సంవత్సరమునుండి విద్యుత్తు తీయుచున్నారు. పల్లపు పొలములు నీట మునిగిపోగా అనేకులు సేద్యము వదలి చేపలు పట్టసాగిరి. ఆ జలాశయము చుట్టునున్న చెట్లమీదికి అక్టోబరు, నవంబరు నెలలలో అముర్ ఫాల్కన్ అను చిన్న డేగలు లక్షలకొలది వచ్చి వ్రాలును. ఇవి పావురముకంటె చిన్నవి. సైబీరియాలోను ఉత్తర చైనాలోను పిల్లలను పెంచుకొని, చలి ముదురకమునుపే బయలుదేరి, ఈ కొండలలో ఆగును. ఇక్కడ ఉసిళ్ళను, ఇతర పురుగులను కడుపార తిని క్రొవ్వు పట్టి, భారత ద్వీపకల్పము మీదుగా, అరేబియా సముద్రము మీదుగా ఆఫ్రికా దక్షిణ భాగమునకు ఎగిరిపోవును. సముద్రముమీద వ్రాలుటకు చోటు లేదు. నాగా కొండలలో తినిన తిండియే వాటికి దారిబత్తెము.

అయితే చేపల వలలే పక్షుల వలలాయెను. చెట్ల నడుమ వలలు కట్టి, సాయంకాలము గూడు చేరవచ్చు పక్షులను వేలకొలది పట్టి, ఈకలు ఒలిచి అమ్ముచుండిరి. 2012 అక్టోబరులో అక్కడికి వెళ్లి చూచినవారు దినమునకు 12,000 మొదలు 14,000 వరకు పక్షులు చచ్చుచున్నవని అంచనా వేసిరి. ఆ వార్తయు, ఛాయాచిత్రములును లోకమంతట వ్యాపించెను.

ఆ జనులను క్రూరులని తీర్పు తీర్చుట మనకు సులభము. పొలము పోయినవానికి ఆకాశమునుండి వచ్చిన రాబడి ఎట్లుండునో ఆలోచింతము. అరణ్యములో ఇశ్రాయేలీయుల పాళెముచుట్టు పూరేళ్లు పడినప్పుడు వారు రాత్రింబగళ్లు కూర్చుకొనిన సంగతి సంఖ్యాకాండము 11వ అధ్యాయములో నున్నది. తినుట అక్కడ తప్పు కాలేదు. చాలు అను మాట మరచుటయే తప్పాయెను.

ఇప్పుడు మార్పు ఎట్లు కలిగినదో చూతము. చట్టము లేక ఆ చంపుట జరిగినది కాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టము 1972లోనే పుట్టినది. అయినను వలలు వ్రేలాడుచునే యుండెను. నాగాలాండులో నేల గ్రామస్థులది. రాజ్యాంగము 371-ఏ అధికరణము ఆ హక్కును ప్రత్యేకముగా కాపాడుచున్నది. ఆ ఊరివారి సమ్మతి లేనిదే ఆ చెట్లక్రింద ఏ కాపుదలయు నిలువదు. గనుక 2012 వార్త తరువాత పక్షులమీద ప్రేమగలవారు, అటవీశాఖవారు ఊరిపెద్దలయొద్దకు వెళ్లిరి. భూస్వాములతోను, వల వేయువారితోను కూర్చుండి మాటలాడిరి. ఈ పక్షి ఎక్కడనుండి వచ్చుచున్నదో, ఎంత దూరము పోవలెనో విప్పి చెప్పిరి. సంఘ కాపరులును ఈ సంగతిని ఎత్తి బోధించిరి. పిల్లలకు ప్రకృతి పాఠములు చెప్పు సంఘములు ఏర్పడెను. గ్రామసభ నిషేధము విధించెను. వల వేసినవారిలోనే కొందరు కాపలాదారులైరి.

మరుసటి సంవత్సరము, 2013లో, పక్షులు మరల వచ్చెను. ఈసారి వలలు లేవు. ఆ నవంబరులో శాస్త్రజ్ఞులు మూడు పక్షులకు ఉపగ్రహములతో కనిపెట్టదగిన చిన్న యంత్రములు తగిలించి, వాటికి నాగా, వోఖా, పాంగ్టి అని పేర్లు పెట్టిరి. చంపుటకు పేరుపొందిన ఊరిపేరే, బ్రదికి సముద్రము దాటిన పక్షికి పేరాయెను.

దీనినుండి మనము నేర్చుకొనవలసినవి మూడు.

మొదటిది, దగ్గరనున్నవాడే కాపరి. పట్టణములోని కార్యాలయము గూటిని చూడలేదు. మన నల్లమలలో పులుల అడుగుజాడ చెంచువానికి తెలిసినంతగా ఎవరికి తెలియును? అందుచేతనే అటవీశాఖవారు చెంచులను కాపలాపనిలో పెట్టుకొనుచున్నారు. 2006 అటవీహక్కుల చట్టము అడవిలో హక్కుగలవారికిని వారి గ్రామసభలకును వన్యప్రాణులను కాపాడు అధికారమును ఇచ్చినది. అడవివారిని దొంగలుగా చూచుట మాని కావలివారుగా పిలువవలెను.

రెండవది, ప్రేమ ఆజ్ఞకంటె లోతుగా పనిచేయును. శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురములో గూడబాతులు ఊరి చెట్లమీదనే గూళ్లు కట్టును. రెట్ట కంపును, పిల్లల గోలయు ఆ ఇండ్లవారు ఓర్చుకొందురు; పక్షుల రాక ఊరికి శుభమని వారి తలంపు. తిరుపతి జిల్లా నేలపట్టులో పక్షుల రెట్ట కలిసిన చెరువునీరు చేలకు ఎరువని రైతులెరుగుదురు. ఒకరు అభిమానముచేత, ఒకరు ప్రయోజనముచేత కాపాడుచున్నారు. రెండును మంచివే.

మూడవది, నష్టము ఒక్కని నెత్తిన మోపరాదు. ఇది కఠినమైన పాఠము. పాంగ్టిలో వలలు దించినవారు ఒక రాబడిని వదలుకొనిరి. చూడవచ్చు అతిథులవలన కొందరికి ఆదాయము కలిగినను, తమ త్యాగమునకు తగిన బదులు రాలేదని చెప్పువారును అక్కడ నున్నారు. ఆ మాటను మనము సణుగుడని త్రోసివేయరాదు. లోకమంతయు పక్షిని చూచి ఆనందించుచుండగా, బియ్యపు కుండ ఖాళీ అయినది ఒక జాలరి ఇంట మాత్రమేయైతే అది న్యాయమా? కాపాడుమని చెప్పిన ప్రతివాడును ఆ భారములో పాలుపొందవలెను.

మన ఊళ్లలోను ఇదే సమస్య వేరొక రూపమున నున్నది. అడవిపందులు ఒక్క రాత్రిలో వేరుసెనగ చేనును తవ్విపోయును. రైతు విసిగి చేనుచుట్టు కరెంటు తీగ పెట్టును. ఆ తీగ పందిని మాత్రమే ఎరుగదు. చిరుతపులిని చంపును, జింకను చంపును, తెల్లవారుజామున చేనికి వచ్చిన పొరుగువానిని చంపును. తీగ పెట్టవద్దని వేదికమీదనుండి చెప్పి ఇంటికి పోవుట చాలదు. చేను పోయినవానితో కూడ మనలో ఒకరు కార్యాలయమునకు నడిచి, నష్టపరిహారపు దరఖాస్తు వ్రాసి, అది చేతికి వచ్చువరకు వెంటనుండవలెను. రాత్రి కాపలాకు వంతులవారీగా మనుష్యులను ఏర్పరచుకొనవలెను. అప్పుడే మన మాటకు బలముండును.

తల్లిపక్షిని వదలుమన్న ధర్మము నెరవేరునది పొలము గట్టుననే. పాంగ్టివారు తమ గట్టున దానిని నెరవేర్చిరి. మన గట్టు మనయెదుట నున్నది.

కూటములో ఆలోచించుటకు ప్రశ్నలు:

1. మన ఊరి చెరువుకు, అడవికి ఏ పక్షులు, ఏ జంతువులు వచ్చుచున్నవి? వాటిని బాగుగా ఎరిగినవారెవరు? వారిని మనమెప్పుడైన అడిగితిమా?

2. ఉచ్చులు, వలలు, కరెంటు తీగలు పెట్టువారు ఏ అవసరముచేత పెట్టుచున్నారు?

3. వారు మానుకొనినయెడల వారికి కలుగు నష్టములో మన సంఘము ఏ పాలు తీసికొనును?