విశాఖ యాత్రకు సన్నాహము – ఉక్కను లెక్కించు విధము

పీఠభూమిపై నున్న మన కళాశాలలలో విజ్ఞాన యాత్ర అను మాట వినబడగానే విద్యార్థుల మనస్సులో మొదట మెదలునది సముద్రము. చెరువును, బావిని, ఎండకాలములో ఇసుకగా మారు నదిని మాత్రమే చూచిన కన్నులకు అంతులేని నీటిని చూడవలెనను కోరిక సహజమైనది. కాని అట్టి యాత్రలనేకము ప్రకటన దశలోనే ఆగిపోవుచున్నవి. కారణము ధనలోపమొక్కటే కాదు. ఎప్పుడు పోవలెను, ఎక్కడ దిగవలెను, ఏ పూట ఎచ్చట ఉందుము, ఏమి వెంట తీసికొనవలెను అను ప్రశ్నలకు సమాధానము చెప్పగలవారు లేకపోవుట వలన తల్లిదండ్రులు అనుమతి ఇయ్యరు. ముఖ్యముగా విద్యార్థినుల యాత్ర ఇందువలననే ఆగిపోవును. కావున తీర నగరమునకు పోవు యాత్రను ఎట్లు ఏర్పరచుకొనవలెనో, విశాఖపట్టణమును ఉదాహరణగా గైకొని ఇచ్చట వివరింతును.

ముందుగా పటమును చూడుడు. హైదరాబాదు ఉత్తర అక్షాంశము సుమారు 17.4 డిగ్రీలు; విశాఖ 17.7 డిగ్రీలు. అనగా రెండు నగరములును ఇంచుమించు ఒకే రేఖపై నున్నవి. రెండింటికిని సూర్యుడొక్కడే, అతని ఎత్తు ఒక్కటే. భేదము రెండు విషయములలో కలదు. హైదరాబాదు సముద్ర మట్టమునకు అయిదు వందల మీటర్లకు పైబడిన ఎత్తున నున్నది. విశాఖ అలల ప్రక్కనే యున్నది. ఇక రేఖాంశము: విశాఖ మనకంటె సుమారు 4.8 డిగ్రీలు తూర్పున నున్నది. ఒక్కొక్క డిగ్రీకి నాలుగు నిమిషముల చొప్పున అచ్చట సూర్యుడు మనకంటె 19 నిమిషములు ముందుగా ఉదయించి, ముందుగానే అస్తమించును. చలికాలములో సాయంకాలము ఆరు గంటలకే తీరమున చీకటి పడును. మరియొక మాట. సినిమాలలో సూర్యుడు సముద్రములో మునుగుట చూచి విశాఖలో అదే దృశ్యమును వెదకువారు కలరు. అది పడమటి తీరపు వైభవము. మన తూర్పు తీరమున సూర్యుడు సముద్రము నుండి లేచును, కొండల వెనుకకు దిగును. కావున అచ్చట చూడదగినది ఉదయము. దానికై లేవవలసిన వేళ మన అలవాటు కంటె ముందు.

ఇక అసలు విషయమునకు వత్తము. మే మాసములో హైదరాబాదులో 40 డిగ్రీల వేడిని సహించిన విద్యార్థి, విశాఖలో 34 డిగ్రీలే అని విని, “అది చల్లని ఊరు” అని తలచును. దిగిన అరగంటలో చొక్కా ఒంటికి అంటుకొనును, తల బరువెక్కును, నీరసము కలుగును. ఏల? మన శరీరము చెమట ఆవిరియగుట వలన చల్లబడును. చెమట కారినంత మాత్రమున చాలదు, అది ఆవిరి కావలెను. గాలి అప్పటికే తేమతో నిండియుండినచో చెమట ఆవిరి కాక కారుచునే యుండును. దీనినే మన పెద్దలు ఒక్క ముక్కలో “ఉక్క” అన్నారు. ఎండకును ఉక్కకును వేరువేరు మాటలు గల భాష మనది.

ఈ ఉక్కను కొలుచుట కష్టము కాదు. మన భౌతికశాస్త్ర ప్రయోగశాలలో రెండు ఉష్ణమాపకములను తీసికొని, ఒకదాని బుడ్డికి తడి నూలుగుడ్డ చుట్టి, రెంటిని విసనకఱ్ఱతో విసరుడు. తడి ఆరుట వలన రెండవ దానిలో పాదరసము దిగును. దానినే తడి ఉష్ణోగ్రత అందురు. గాలి 40 డిగ్రీలు, తేమ 25 శాతము ఉన్నప్పుడు తడి ఉష్ణోగ్రత సుమారు 24 డిగ్రీలకు దిగును. గాలి 34 డిగ్రీలు, తేమ 70 శాతము ఉన్నప్పుడు అది 29 డిగ్రీల వద్దనే నిలిచిపోవును. మన చర్మము సుమారు 35 డిగ్రీలు. అనగా మొదటి ఊరిలో చెమటకు చల్లబరచుటకై 11 డిగ్రీల అవకాశమున్నది, రెండవ ఊరిలో 6 డిగ్రీలే. 40 డిగ్రీల గాలి శరీరమునకు తానుగా వేడినిచ్చుననుట నిజమే, దాని బాధ వేరు. కాని నీడకు చేరి నీరు త్రాగినచో ఆ వేడి నుండి తప్పించుకొనవచ్చును. ఉక్క నీడలోనికి కూడ వెంట వచ్చును.

ఇదే లెక్కను జనవరికి వేయుడు. 29 డిగ్రీల వేడి, 65 శాతము తేమ అనుకొన్నచో తడి ఉష్ణోగ్రత 24 డిగ్రీలకు దిగును. తీరమున మన శరీరమునకు అనుకూలమైన కాలమేదో ఈ ఒక్క అంకె చెప్పుచున్నది.

కాల నిర్ణయములో మరికొన్ని చిక్కులు కలవు. అక్టోబరు, నవంబరు మాసములు బంగాళాఖాతములో తుఫానుల కాలము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖనే తాకినది. సంక్రాంతి వారములో కోస్తాకు పోవు రైళ్ళలో నిలుచుటకైన చోటుండదు. రంజాన్ మాసమును కూడ లెక్కలోనికి తీసికొనవలెను. హిజ్రీ సంవత్సరము సౌర సంవత్సరము కంటె సుమారు 11 దినములు చిన్నది గనుక, రంజాన్ 2027లో ఫిబ్రవరి రెండవ వారమునకును, 2028లో జనవరి చివరి వారమునకును జరుగును. ఉపవాసముండు విద్యార్థులను ఎండలో త్రిప్పుట తగదు. వారిని విడిచిపోవుట అంతకంటె తగదు. కావున ఏ సంవత్సరమునకు ఆ సంవత్సరము పంచాంగమును, హిజ్రీ క్యాలెండరును, పరీక్షల పట్టికను ప్రక్కప్రక్కన పెట్టుకొని, డిసెంబరు చివరి పక్షము నుండి ఫిబ్రవరి వరకు గల కాలములో వీలైన వారమును ఎంచుకొనవలెను. బయలుదేరుటకు ముందు వాతావరణ శాఖ సూచనలతోపాటు మన హైదరాబాదులోనే యున్న ‘ఇన్‌కాయిస్’ అను సముద్ర సమాచార కేంద్రము ప్రకటించు అలల హెచ్చరికలను కూడ చూచుట మంచిది. సముద్రము లేని ఊరినుండి సముద్రమును గమనించు సంస్థ అది!

రైలు విషయము త్వరగా ముగింతును. సాయంకాలము హైదరాబాదులో ఎక్కి తెల్లవారి విశాఖలో దిగుటకు 1974 నుండి నడచుచున్న గోదావరి ఎక్స్‌ప్రెస్ అనుకూలమైనది. ఒక రాత్రి బస ఖర్చు కూడ తగ్గును. 2024 నవంబరు నుండి రిజర్వేషను 60 దినములు ముందుగా మాత్రమే తెరచుచున్నారు. కావున జనవరి యాత్రకు నవంబరులోనే పేర్ల పట్టిక సిద్ధము కావలెను. విద్యా యాత్రలకు రైల్వే వారిచ్చు రాయితీకి ప్రిన్సిపాలుగారి ధ్రువపత్రము అవసరము. ఆ కాగితము చివరి దినమున తయారగునది కాదు.

మూడు దినముల కార్యక్రమమును గడియారము చూచి కాక, ఎండ, ఉక్కలను చూచి కూర్చవలెను. తెల్లవారు జాము నుండి పది గంటల వరకు ఆరుబయట. పదకొండు నుండి మూడున్నర వరకు నీడలో. పిమ్మట మరల ఆరుబయట. మొదటి దినమున ప్రయాణపు అలసట తీర్చుకొని, మధ్యాహ్నము బీచి రోడ్డులోని కుర్‌సురా జలాంతర్గామిని చూడవచ్చును. 1969లో నౌకాదళములో చేరి, 1971 యుద్ధములో పాల్గొని, 2001లో విరమించిన ఈ నౌక 2002 నుండి ప్రదర్శనశాలగా నున్నది. 91 మీటర్ల ఇనుప గొట్టములో నావికులు నెలల తరబడి ఎట్లు మసలిరో చూచినవారు తమ వసతి గదుల ఇరుకును గూర్చి ఫిర్యాదు చేయరు.

రెండవ దినమును అరకు లోయకు కేటాయించుడు. ఆ దినమును చివరకు నెట్టుట చాలమంది చేయు పొరపాటు. కొండ మార్గములో రైలు గాని, బస్సు గాని ఆలస్యమైనచో రాత్రి తిరుగు రైలు తప్పిపోవును. విశాఖ నుండి సుమారు 115 కిలోమీటర్ల దూరమున, తొమ్మిది వందల మీటర్ల ఎత్తున గల అరకులో జనవరి ఉదయమున ఎముకలు కొరుకు చలి యుండును. “వేడి ఊరికే కదా పోవుచున్నాము” అని ఉన్ని బట్ట విడిచినవారు బొర్రా గుహలు చూచుటకు మారుగా టీ దుకాణపు పొయ్యి ప్రక్కన కూర్చుందురు.

మూడవ దినమున ఉదయమే భీమిలి దారిలోని తొట్లకొండకు పోవలెను. 1976లో నౌకాదళము వారు విమానము నుండి సర్వే చేయునపుడు బయటపడిన బౌద్ధ క్షేత్రమిది. కొండరాతిలో తొలిచిన నీటి తొట్ల వలన ఆ పేరు వచ్చినది. కంటి ఎదుట సముద్రమంత నీరున్నను త్రాగుటకు చుక్క పనికిరాదు; ఆ భిక్షువులు వాననీటిని రాతిలో పట్టి నిలువ చేసిరి. తీర జీవనమునకు ఇంతకంటె మంచి పాఠము మరి లేదు. సాయంకాలము ఓడరేవు ముఖద్వారము వద్ద నున్న మూడు కొండలు: ఒకదానిపై చర్చి, ఒకదానిపై ఇస్‌హాఖ్ మదీనా దర్గా, మరియొకదానిపై వేంకటేశ్వరాలయము. మూడింటి క్రింద నుండియు ఒకే ఓడల మార్గము సాగిపోవును. కాలవ్యవధి తక్కువైనచో మిగిలినవి విడువవచ్చును గాని దీనిని విడువరాదు.

ఇక సముద్ర స్నానము. దీనిని గూర్చి మెత్తగా వ్రాయుట నాకు ఇష్టము లేదు. రామకృష్ణా బీచిలో ప్రాణములు కోల్పోయినవారిలో బయటి ఊళ్ళ నుండి వచ్చిన యువకులు కలరు. అచ్చట తీరము నిటారుగా దిగును. వెనుకకు పోవు అల పాదముల క్రింది ఇసుకను లాగివేయును. చెరువులో ఈతనేర్చిన ధైర్యము ఇచ్చట చాలదు. తీరమునకు వచ్చిన నీరు తిరిగి లోపలికి పోవుటకు అక్కడక్కడ ఇరుకైన దారులు చేసికొనును. ఆ దారులలో అలలు విరుగవు, నురుగు తక్కువ. నీరు ప్రశాంతముగా కనబడును. ఎరుగనివారు “ఇచ్చట బాగున్నది” అని సరిగా అక్కడే దిగుదురు. అట్టి ప్రవాహములో చిక్కినవాడు ఒడ్డుకు ఎదురీదరాదు, బలము నశించును. వెల్లకిల తేలుచు చేయెత్తి పిలువవలెను. ఈత వచ్చినచో ఒడ్డుకు సమాంతరముగా ప్రక్కకు సాగి ప్రవాహము దాటిన పిమ్మట ఒడ్డుకు తిరుగవలెను. మునుగుచున్న మిత్రునికై దూకినవారు తామును మునిగిన సంఘటనలు అనేకము. త్రాడు, చున్నీ, ఖాళీ నీటి డబ్బా ఏది దొరికిన అది విసరుడు, దూకకుడు. రక్షకులున్న చోట, వారు చూపిన హద్దులో, మోకాలి లోతుకు మించకుండ మాత్రమే దిగవలెనను నియమము యాత్రాపత్రములో వ్రాసి, ప్రతివారిచే సంతకము చేయించవలెను. అమావాస్య, పున్నమి దినములలో పోటు అధికము. ఆ దినములలో దిగనే వలదు.

సామానును గూర్చి నా సలహా ఒక్క పరీక్షలో ఇమిడియున్నది. రాత్రి ఉతికి, కిటికీలు మూసిన గదిలో ఆరవేసిన బట్ట తెల్లవారునప్పటికి ఆరినచో అది విశాఖకు తగినది. ఆరనిచో ఇంటనే యుండనిండు. దళసరి జీన్సు ఈ పరీక్షలో ఎన్నడును నెగ్గదు. పలుచని వదులు నూలు బట్టలు మూడు జతలు చాలును. శరీరమంతయు కప్పు దుస్తులు ధరించు విద్యార్థినులకు ఉక్క ఎక్కువని కొందరందురు. ఎడారిలోని బద్దూల నల్లని అంగీలను గూర్చి 1980లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వెలువడినది. అంగీ నల్లనిదైనను, తెల్లనిదైనను లోపలి మనిషికి చేరు వేడిలో భేదము లేదని అందు తేలినది. వదులు బట్టలో గాలి ఆడుటయే ఇందులోని రహస్యము. అది పొడి ఎడారి మాట, తీరమునకు యథాతథముగా వర్తించదు. కాని బట్ట బిగుతుగా నుండరాదు, లోపల మరియొక దళసరి పొర ఉండరాదు అను రెండు సూత్రములు ఇచ్చటను చెల్లును.

తోలు చెప్పులు ఉప్పునీటికి పాడగును; రబ్బరు చెప్పులు మేలు. గొడుగు ఎండకును వానకును పనికివచ్చును. ఒక ఉన్ని స్వెట్టరు, ఒక దుప్పటి, తడి బట్టలకు ప్లాస్టిక్ సంచి, సెల్‌ఫోనును ఇసుక నుండి కాపాడుటకు మరియొక చిన్న సంచి, దోమల మందు, గుర్తింపు కార్డు, రోజు వాడుకొను మందులు. సంచి సర్దిన పిమ్మట దానిని మోయుచు ఇంటి మెట్లు రెండుసార్లు ఎక్కి దిగుడు. ఆయాసము వచ్చినచో తీసివేయవలసిన వస్తువు అదే గుర్తునకు వచ్చును.

చెమటతో నీరే కాక ఉప్పు కూడ పోవును. కావున ఓఆర్‌ఎస్ పొట్లములు ఉండవలెను. ఒక పొట్లమును దానిపై వ్రాసినంత నీటిలో పూర్తిగా కలుపవలెను. చిటికెడు చొప్పున గ్లాసులలో చల్లుకొనుట వలన ప్రయోజనము లేదు. పొట్లము లేనిచో లీటరు శుభ్రమైన నీటిలో ఆరు సమతల టీ చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపినను సరిపోవును.

కళాశాల కమిటీ వారికి రెండు మనవులు. యాత్రా రుసుము ఒక్కసారిగా అడిగినప్పుడు, ఇయ్యలేని విద్యార్థి “నాకు ఒంట్లో బాగులేదు” అని చెప్పి తప్పుకొనును. నిజమైన కారణము ఎవరికిని తెలియదు. ఆగస్టు నుండి నెలకు కొంత చొప్పున, ఒక్క అధ్యాపకునికి మాత్రమే తెలియునట్లు కట్టించుకొన్నచో అట్టివారి సంఖ్య తగ్గును. మొత్తములో పదియవ వంతు అనుకోని ఖర్చులకు ప్రక్కన పెట్టవలెను. రెండవది, యాత్రాపత్రము. రైలు సంఖ్య, బస చిరునామా, ప్రతి పూట ఎచ్చట ఉందురు, వెంట వచ్చు అధ్యాపకుల, అధ్యాపికల పేర్లు, ఫోను సంఖ్యలు, సముద్ర నియమము అన్నియు ఒకే కాగితముపై నుండవలెను. ఒక వైపు తెలుగులో, రెండవ వైపు ఉర్దూలో వ్రాయించి ప్రతి ఇంటికి పంపుడు. తండ్రి ఒక లిపి మాత్రమే ఎరిగినవాడు కావచ్చును, తల్లి మరియొక లిపి మాత్రమే ఎరిగినది కావచ్చును. అనుమతి ఇచ్చునది ఇద్దరును కూడ.