బాల్కనీలో వానపాముల తొట్టి: పది చిట్కాలు

ఎర్రగడ్డ రైతు బజారుకు వెళ్లొచ్చిన రోజు వంటింట్లో చెత్తబుట్ట ఇట్టే నిండుతుంది. గోబీ ఆకులు, సొరకాయ తొక్కలు, కొత్తిమీర కాడలు... ఇవన్నీ చెత్త బండి ఎక్కనక్కర్లేదు. బాల్కనీలో ఒక మూల వానపాముల తొట్టి ఉంటే రెండు నెలల్లో కుండీలకు మంచి ఎరువవుతాయి. తిండి వేయడం సులువే. నీడ, తేమ, గాలి సరిచూసుకోవడమే అసలు పని.

1. పెరట్లో తవ్వితే దొరికే వానపాములు సాధారణంగా మట్టిలో బతికేవి, తొట్టిలో నిలవవు. పైపొరలోనే ఉంటూ కుళ్లే చెత్తను తినే ఐసీనియా ఫెటిడా, యూడ్రిలస్ యూజీనియే రకాలు కావాలి. వర్మీ కంపోస్టు తయారుచేసే రైతులను అడిగి తెచ్చుకోండి. మొదట పావు కిలో చాలు.

2. తొట్టి లోతుగా కాక వెడల్పుగా ఉండాలి. అడుగు లోతు సరిపోతుంది. అడుగున, పక్కలకు, మూతకు సన్నని రంధ్రాలు చేసి, నాలుగు ఇటుకల మీద నిలిపి, కింద పళ్లెం పెట్టండి.

3. నానబెట్టి పిండిన కొబ్బరి పొట్టు, ఎండుటాకులు, చింపిన న్యూస్‌పేపర్ కలిపి జానెడు మందాన పరుపులా పరవండి. పైన రెండు మూడు వారాలు మాగిన పేడ వేయండి. పచ్చిపేడ వేడెక్కుతుంది. ఆ పశువుకు ఈమధ్య నట్టల మందు వేశారేమో తప్పక అడగండి. కొన్ని మందులు పేడతోపాటు వచ్చి వానపాములనూ చంపుతాయి.

4. పావు కిలో వానపాములకు రోజుకు వంద గ్రాముల తొక్కలు మించకూడదు. మొదటి వారం అందులో సగమే వేయండి. ముందు వేసింది కనబడకుండా పోయాకే మళ్లీ వేయాలి. సన్నగా తరిగి, పరుపులో కప్పెట్టండి.

5. అరటి, బొప్పాయి, పుచ్చకాయ తొక్కలు, ఆకుకూరల కాడలు వాటికి ఇష్టం. టీ పొడిలో పాలు కలిసి ఉంటాయి కాబట్టి కడిగి వేయండి. నిమ్మ తొక్కలు, చింతపండు పిప్పి, ఉల్లి, వెల్లుల్లి, పచ్చిమిర్చి, మాంసం, నూనె వద్దు. మిగిలిన కూరలు, పచ్చళ్లు అసలే వద్దు. వానపాము తడి చర్మంతోనే ఊపిరి పీలుస్తుంది, ఉప్పు తగిలితే ఆ చర్మం ఎండి చస్తుంది.

6. పరుపును గుప్పిట్లోకి తీసుకుని పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే చింపిన కాగితం కలపండి. పొడిపొడిగా రాలితే నీళ్లు చిలకరించండి.

7. తొట్టిని వాషింగ్ మెషీన్ పక్కన పెట్టకండి. వానపాములకు చెవులు లేవు, అదురు మాత్రం తెలుస్తుంది. పియానో మీద పెట్టిన కుండీల్లోని వానపాములు స్వరం మోగగానే లోపలికి దూరిపోవడం చూశానని చార్లెస్ డార్విన్ 1881లో వెలువడిన తన పుస్తకంలో రాశాడు.

8. మన దగ్గర అసలు గండం వేసవి. ఏప్రిల్, మే నెలల్లో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. పరుపు వేడి 35 డిగ్రీలకు చేరితే చాలు, వానపాములకు ముప్పు. డాబా మీద పెట్టొద్దు. పడమటి ఎండ తగలని చోటికి మార్చి, తడి గోనెసంచి కప్పి, తిండి తగ్గించండి. వానాకాలంలో జల్లు పడకుండా చూసి, పళ్లెంలో నీరు నిలవకుండా పారబోయండి.

9. పుల్లటి వాసన వస్తే తిండి ఆపి, పరుపును చేత్తో గుల్లచేసి, కోడిగుడ్డు పెంకుల పొడి చల్లండి. చిన్న ఈగలు ముసిరితే పైన ఎండుటాకులు మందంగా కప్పండి. చీమలు పట్టకుండా ఇటుకలను నీళ్లు పోసిన పళ్లేలలో ఉంచండి. చీమల మందు చల్లొద్దు.

10. పరుపు నల్లగా, టీ పొడిలా మారితే ఎరువు సిద్ధం. మూడు నాలుగు రోజులు నీళ్లు ఆపి, వెలుతురులో కుప్ప పోయండి. వానపాములు అడుగుకు దిగుతాయి. పైనుంచి పొరలుగా ఎరువు తీసుకుని, వాటిని కొత్త పరుపులో వేయండి. ఒక్కో కుండీకి నెలకు రెండు గుప్పెళ్లు చాలు.

ఊరి చెత్తకుప్ప తగ్గాలంటే ముందు మన వంటింటి తొక్కలు అటు పోకుండా ఆగాలి. వర్షాలు తగ్గి వాతావరణం చల్లబడగానే ఒక తొట్టి మొదలుపెట్టండి. ఎరువు చేతికొచ్చాక పక్క ఫ్లాటువాళ్లకూ గుప్పెడు వానపాములు పంచండి.